బొమ్మ కారు లేన్ మారాలంటే

మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు. వేసవి సెలవులకి మా ఇంటికి వస్తే వాడి బ్యాగులో బట్టలకంటే కార్లే ఎక్కువ. ఏటవాలుగా పెట్టిన ట్రాక్ మీద రెండు కార్లు పక్కపక్కన వదిలాడు. నాలుగైదుసార్లు అదే ఆట చూసి మొహం ముడుచుకుని అడిగాడు: “మామయ్యా, ఇవి ఎప్పుడూ వాటి లేన్‌లోనే పోతాయా? మధ్యలో ఇటుది అటు పోయేలా చెయ్యవా?”

దానిదేముంది, అరగంట పని అన్నాను. పదకొండు రోజులు పట్టింది.

కారును పక్కకి జరపడం పెద్ద కష్టం కాదు. ఒక అట్టముక్క అడ్డంగా పెడితే అదే జరుగుతుంది. ఏ కారు జరగాలి, ఎప్పుడు జరగాలి అన్నది ఎవరు తేలుస్తారు? అక్కడే చిక్కంతా. ట్రాకే తేల్చేయొచ్చు, ఆడుతున్న పిల్లాడు తేల్చొచ్చు, కారు తేల్చొచ్చు, ముందు వెళ్లిన కారు కూడా తేల్చొచ్చు. బొమ్మల కంపెనీలు వీటిలో చాలా దారులు తొక్కి చూశాయి.

అసలు లేన్ ఎందుకు మారాలి అన్నది ముందు చూద్దాం. ఆట సరదాగా ఉంటుందని పిల్లలు అంటారు. పందెం పెట్టేవాళ్లకి ఇంకో కారణం ఉంది: లోపలి లేన్ పొట్టి, బయటి లేన్ పొడుగు. ఎంత పొడుగు అన్న లెక్క మాత్రం చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. గుండ్రంగా తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చే ట్రాక్‌లో రెండు లేన్ల పొడవుల మధ్య తేడా, వాటి మధ్య దూరానికి 6.28 రెట్లు ఉంటుంది. అంతే. ట్రాక్ టీపాయ్ అంత ఉన్నా ఊరంత ఉన్నా ఆ తేడా మారదు. పరుగు పందేల్లోనూ ఇదే లెక్క. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి 400 మీటర్ల పందెంలో మూడో లేన్ నుంచి ఒక్కో లేన్‌కీ 7.67 మీటర్ల చొప్పున ముందు నిలబెడతారు. టీవీలో చూసినప్పుడు బయటి లేన్‌వాళ్లు ముందే బయల్దేరినట్టు కనిపించేది అందుకే.

బొమ్మ కార్లనీ అలా ముందూ వెనకా నిలబెట్టవచ్చు. కానీ పిల్లలకి అన్నీ ఒకే గీత మీద నిలబడాలి. లేకపోతే “వాడిది ముందుంది” అని గొడవ.

దీనికి ఒక తేలికైన మందు 8 అంకె ఆకారం. ఒక గుండ్రంలో లోపలున్న లేన్ రెండో గుండ్రంలో బయటికి వస్తుంది. రెండు గుండ్రాలూ సమానంగా ఉంటే తేడా కొట్టుకుపోతుంది. ఎవరూ లేన్ మారక్కర్లేదు. కార్ల సెట్లు కొన్నప్పుడు డబ్బా మీద బొమ్మలో 8 తరచుగా కనిపించడానికి, చూడ్డానికి బాగుండటంతో పాటు ఈ న్యాయం కూడా ఉంది.

రెండో మందు జపాన్‌ది. అక్కడి టమియా కంపెనీ 1982లో మినీ 4డబ్ల్యూడీ అనే కార్లు మొదలుపెట్టింది. అరచేతిలో పట్టేంత కారు, లోపల చిన్న మోటారు, రెండు పెన్సిల్ బ్యాటరీలు. రిమోట్ లేదు, స్టీరింగ్ లేదు. స్విచ్ వేసి వదిలితే ముందుకి దూసుకుపోవడమే దానికి తెలుసు. ట్రాక్‌కి 5 సెం.మీ. ఎత్తు గోడలు, లేన్ వెడల్పు 11.5 సెం.మీ. కారు వెడల్పు 10.5 సెం.మీ. దాటకూడదని నిబంధన. కారు నాలుగు మూలలా బిగించిన చిన్న చక్రాలు గోడని రాసుకుంటూ దాన్ని మలుపు తిప్పుతాయి.

ఇందాకటి లెక్క ఇక్కడ వేయండి. గోడల మందం వదిలేసినా పక్కపక్క లేన్ల మధ్య ఒక్క రౌండుకి 72 సెం.మీ. తేడా. మూడు లేన్ల ట్రాక్‌లో ఈ చివరికీ ఆ చివరికీ దాదాపు మీటరున్నర. అంత దూరం ఊరికే వదులుకుని పందెం గెలవడం కష్టం. అందుకని ఈ ట్రాక్‌లో ఒకచోట లేన్లు తమంతట తామే చోటు మార్చుకుంటాయి. రెండు లేన్లు నేల మీదే ఒక్కో గడి పక్కకి జరుగుతాయి. మూడోది వంతెన ఎక్కి, ఆ రెండింటి మీదుగా అవతలి అంచుకి దిగుతుంది. మూడు రౌండ్లు తిరిగేసరికి ప్రతి కారూ మూడు లేన్లలోనూ ఒక్కోసారి వెళ్లినట్టే. అందరికీ సమాన దూరం. రౌండ్లు మూడు, ఆరు, తొమ్మిది అయితేనే ఈ న్యాయం కుదురుతుంది. నాలుగు పెడితే మళ్లీ గొడవే.

నాకు ఈ పద్ధతిలో నచ్చింది, ఇక్కడ ఎవరూ ఏమీ ఎంచుకోరు. మూడు దారులు లోపలికి, మూడు దారులు బయటికి. ఏ రెండూ కలవవు. అంటే లేన్ మారేచోట రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే ప్రశ్నే రాదు. ఒక్క సెన్సరు గానీ, కదిలే ముక్క గానీ లేకుండా లేన్ మార్పిడి.

అయితే వంతెన ఊరికే రాదు. కింద కారు దూరేంత ఎత్తు కావాలి కాబట్టి ఎక్కుడూ దిగుడూ తప్పవు. పైన వంపు దగ్గర కారు నేల విడిచి ఎగరకుండా ఉండాలంటే ఆ వంపు ఎంత మెల్లగా తిరగాలో లెక్క కట్టొచ్చు. సెకనుకి 5 మీటర్లు, అంటే గంటకి 18 కిలోమీటర్ల వేగానికే వంపు వ్యాసార్ధం రెండున్నర మీటర్లు ఉండాలి. సెకనుకి 8 మీటర్లయితే ఆరున్నర మీటర్లు. గదిలో పరుచుకునే ట్రాక్‌కి అంత నిదానమైన వంపు ఎక్కడినుంచి తెస్తారు? కాబట్టి గట్టి మోటారు బిగించిన కారు వంతెన మీద నుంచి గాల్లోకి లేచి పక్క గదిలో తేలుతుంది. ఈ ఆట మీద పిచ్చి ఉన్నవాళ్లు కారు వెనక కింద స్పాంజి ముక్క అంటిస్తారు. చదునుగా ఉన్నంతసేపు అది నేలకి తగలదు, ఎక్కుడు దగ్గర మాత్రం రాసుకుని వేగం తగ్గిస్తుంది. కిందపడగానే కారు మళ్లీ ఎగిరిపడకుండా పైకీ కిందకీ జారే బరువులు పెడతారు. అవి కారు దిగిన క్షణంలో దాని నెత్తిన ఒకటి మొట్టి అణుస్తాయి. బ్రేక్ పెడల్ లేని కారుకి ట్రాకే బ్రేకు వేయడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక రెండో లోకం, పిల్లాడి చేతిలో కంట్రోలర్ ఉండే గాడి కార్లు. ఇంగ్లండ్‌లో మినీమోడల్స్ కంపెనీ నడిపిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1952లో స్కేలెక్స్ పేరుతో స్ప్రింగు బలంతో పరుగెత్తే రేకు కార్లు అమ్మాడు. వాటికి కరెంటు జోడించి 1957లో స్కేలెక్‌స్ట్రిక్ తెచ్చాడు. ట్రాక్‌లో గాడి, గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు. కారు ముక్కు కింద చిన్న పలక గాడిలో దిగి ఉంటుంది. దాని పక్కన జడలా అల్లిన రాగి తీగలు పట్టీలని తాకి కరెంటు అందుకుంటాయి.

ఇక్కడ లేన్ మార్చడానికి రైల్వే పాయింట్లలాంటివి పెడితే సరిపోదా? జంక్షన్‌లో రైలు పట్టా మారడం అందరం చూసినదే. సరిపోదు. రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది, గాళ్లు ఒకదాన్నొకటి దాటేచోట ఒక లేన్ ప్లస్ పట్టీ పక్క లేన్ మైనస్ పట్టీకి అడ్డం వస్తుంది. రెండూ తగిలితే షార్ట్. కాబట్టి అక్కడ లోహం కోసేయాలి. అంటే కాస్త దూరం కారుకి కరెంటు ఉండదు. వచ్చిన ఊపుతోనే దాటాలి. పిరికిగా మెల్లగా నడిపే పిల్లాడి కారు సరిగ్గా అక్కడే ఆగి కూర్చుంటుంది.

రెండోది ఇంకా పెద్దది. పాత సెట్లలో కంట్రోలర్ కారుది కాదు, లేన్‌ది. మీ చేతిలో ట్రిగ్గర్ నొక్కితే ఎడమ లేన్ పట్టీలలో కరెంటు పెరుగుతుంది, ఆ లేన్‌లో ఏ కారుంటే అది పరుగెత్తుతుంది. మీ కారు కుడి లేన్‌లోకి మారిందనుకోండి, ఇక అది మీ తమ్ముడి మాట వింటుంది. ఇద్దరూ ఒకే లేన్‌లోకి వస్తే రెండు కార్లకీ ఒకే కంట్రోలర్. గొడవ ఇంట్లో ఎంత పెద్దదవుతుందో చెప్పక్కర్లేదు. ఈ పేచీ తీరాలంటే ఒకే పట్టీ మీద ఉన్నా ఏ కారుకి చెప్పిన మాట ఆ కారుకే వినపడాలి.

1970ల చివర్లో అమెరికాలో ఐడియల్ కంపెనీ టీసీఆర్ పేరుతో ఒక తెలివైన పని చేసింది. గాడి తీసేసి, ట్రాక్ అంచులకి గోడలు పెట్టింది. కంట్రోలర్ మీద లేన్ స్విచ్ మారిస్తే మోటారుకి వెళ్లే కరెంటు దిశ తిరగబడుతుంది. కానీ కారు వెనక్కి పోదు. లోపల గేర్లు ఎలా అమర్చారంటే, మోటారు ఒకవైపు తిరిగితే ఒక వెనక చక్రానికే బలం వస్తుంది, రెండోవైపు తిరిగితే రెండో చక్రానికి. ఒక పక్క చక్రం మాత్రమే తోస్తుంటే కారు అవతలి పక్కకి ఒరుగుతుంది, ఆ గోడ పట్టుకుని పోతుంది. ఒంటెద్దు లాగిన బండి సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇద్దరి కార్లూ ఒకే లేన్‌లో ఉన్నా ఎవరి కంట్రోలర్ వాళ్లకే పనిచేసేలా, ఒక్కో కారు వేరే పట్టీ నుంచి కరెంటు తీసుకునేది. పైగా ఎవరూ నడపని మూడో కారు ఒకటి అడ్డంగా నింపాదిగా తిరుగుతుండేది, దాన్ని తప్పించుకోవాలి. మన రోడ్ల మీద ఇసుక లారీలాగా.

చిప్పు లేకుండా సాధించినదాంట్లో ఇంతకు మించింది నేను చూడలేదు. కానీ పట్టీలు పెరిగేకొద్దీ దుమ్ము, తుప్పు, తగలకపోవడం పెరుగుతాయి. పిల్లలు నడిపే కార్లు రెండు దాటితే ఈ పద్ధతి కుదరదు.

అసలు విరుగుడు చవక చిప్పుల రూపంలో వచ్చింది. మోడల్ రైళ్లవాళ్లు 1990ల నాటికే ఈ దారి పట్టారు: పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉంచి, దాని మీదే కబుర్లు పంపడం. “3వ నంబరు ఇంజన్, సగం వేగం.” ప్రతి ఇంజన్‌లోనూ చిన్న చిప్పు ఉంటుంది, తన నంబరు వింటే కదులుతుంది, లేకపోతే పట్టించుకోదు. ఒకే హాల్లో టీచరు పేరు పెట్టి పిలిచినట్టు. స్కేలెక్‌స్ట్రిక్ 2004లో ఇలాంటి డిజిటల్ సెట్లు తెచ్చింది. కంట్రోలర్ ఎట్టకేలకు కారుదైంది. ఆరు కార్ల వరకు రెండు గాళ్లలోనే పరుగెత్తొచ్చు.

గాడి చీలేచోట ఒక చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అది పక్కకి తిరిగితే కారు పలక కొత్త గాడిలోకి జారుతుంది. కారు అడుగున కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైటు మిణుకుతుంటుంది. ఒక్కో కారు మిణుకు తీరు వేరు. నాలుకకి కొంచెం ముందు ట్రాక్‌లో సెన్సరు. పిల్లాడు బటన్ నొక్కి ఉంచి ఆ సెన్సరు దాటితే, నాలుకని విద్యుదయస్కాంతం లాగుతుంది.

చెప్పడానికి సులువే. టైమింగ్ చూడండి. కారు సెకనుకి 3 మీటర్లు పోతోందనీ, సెన్సరు నాలుకకి 10 సెం.మీ. ముందుందనీ అనుకుందాం. మధ్యలో దొరికేది 33 మిల్లీసెకన్లు. కంటి రెప్ప కొట్టేంత సమయం కూడా కాదు. అందులోనే కారు ఏదో గుర్తుపట్టాలి, బటన్ నొక్కారో లేదో తేలాలి, నాలుక తిరగాలి. ఇంకా ఇరుకైన సంగతి, సెన్సరు కళ్లకి కారు లైటు కనిపించే మేర ఒక సెంటీమీటరే అయితే, గుర్తుపట్టడానికి ఉన్నది 3 మిల్లీసెకన్లు. ఆ కాస్తలో మిణుకు తీరు పోల్చుకోవాలంటే లైటు సెకనుకి వేలసార్లు మిణకాలి. సెన్సరుని వెనక్కి జరిపితే సమయం పెరుగుతుంది కదా అంటారేమో. పెరుగుతుంది, కానీ వెనకే తోక పట్టుకుని ఇంకో కారు వస్తుంటే నాలుక ఎవరికోసం తిరిగిందో తేడా వస్తుంది. ముందువాడి కోసం తెరిచిన తలుపులోంచి వెనకవాడు దూరిపోవడం అన్నమాట.

అప్పుడే గుద్దుకోవడం కూడా వచ్చింది. జపాన్ వంతెనలో లేనిదీ ఇక్కడ ఉన్నదీ అదే. అందరూ ఒకేసారి చోటు మార్చుకుంటే ఎవరూ గుద్దుకోరు. ఒక్కడికే మారే స్వేచ్ఛ ఇచ్చామా, అవతలి లేన్‌లో అప్పటికే ఉన్నవాడి సంగతి ఏమిటి? ట్రాక్ ఆ పూచీ తీసుకోదు, ఆడేవాళ్ల మీదే వదిలేస్తుంది. ఆటకి మజా అక్కడే అనేవాళ్లూ ఉన్నారు.

2013లో అమెరికాలో ఆంకీ అనే కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. గాడి లేదు, గోడలు లేవు, పట్టీలు లేవు. నల్లటి చాప లాంటి ట్రాక్ మీద మన కళ్లకి కనిపించని గుర్తులు ముద్రించారు. కారు అడుగున కెమెరా వాటిని చదువుకుంటూ తాను ఎక్కడున్నదీ తెలుసుకుని తనే పక్కకి జరిగేది. లేన్ అన్నది ట్రాక్‌లో లేదు, ప్రోగ్రాంలో ఉంది. అద్భుతమైన పనే. కానీ ఫోన్‌లో యాప్ లేకపోతే ఆట లేదు. 2019లో ఆ కంపెనీ మూతపడింది. బొమ్మ విషయంలో నాకున్న చాదస్తం ఏమిటంటే, అది ఎందుకు పక్కకి తిరిగిందో పిల్లాడు వంగి చూస్తే తెలియాలి. వంతెన చూస్తే తెలుస్తుంది. నాలుక చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రాంలోకి ఎంత వంగినా ఏం కనిపిస్తుంది?

సరే, మా అట్టముక్కల దగ్గరికొద్దాం. మాకు కరెంటు లేదు, ఏటవాలు తప్ప. దారి చీలేచోట మధ్యలో గుండుసూది గుచ్చి, దాని మీద అట్ట రెక్క తిరిగేలా పెట్టాను. పైకొస ఎడమ గోడకి ఆనితే ఎడమ దారి మూత, కారు కుడికి పోతుంది. రెక్క కింది కొస, దాన్ని తోక అందాం, అప్పుడు కుడి దారిలోకి పొడుచుకుని ఉంటుంది. కారు వెళ్తూ వెళ్తూ తోకని తోస్తుంది, పైకొస కుడికి వాలుతుంది. తర్వాతి కారు ఎడమకి. అంటే ముందు వెళ్లిన కారే వెనక వచ్చేదాని దారి నిర్ణయిస్తుంది. ట్రాక్‌కి ఒకే ఒక్క సంగతి గుర్తుంటుంది, ఇందాక ఎవరు ఎటు పోయారు అన్నది. ఆ మాత్రం జ్ఞాపకానికి అట్టముక్క చాలు.

మొదటి రోజు తోక పొట్టిగా పెట్టాను. కారు ముక్కు తోకని తోసేసరికి దాని వెనక చక్రాలు ఇంకా గుండుసూది దాటలేదు. పైకొస వచ్చి కారు నడుం మీద కొట్టింది, కారు రెక్కకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. తోక కనీసం కారు పొడవంత, అంటే 7 సెం.మీ. ఉండాలని అప్పుడు తెలిసింది. పొడిగించాను. ఇప్పుడు తోక బరువై, రెక్క ఎటూ వాలకుండా లోలకంలాగా నిట్టనిలువుగా నిలబడింది. కారు వచ్చి సూటిగా దాని కొసకి గుద్దుకుంది. రెక్క ఎటో ఒకవైపు వాలాలంటే పైభాగమే బరువు ఉండాలి. పైకొసకి రూపాయి బిళ్ళ అంటించాం. టక్కున వాలింది. మావాడు “టిక్, టాక్” అంటూ ఓ గంట వేళ్లతోనే ఆడాడు.

తర్వాత కోణం. ఈ కార్లకి ముందు చక్రాలు తిరగవు కాబట్టి గోడకి కొట్టుకునే మళ్లాలి. 5 సెం.మీ. పక్కకి జరగడానికి 20 డిగ్రీల కోణం పెడితే 14 సెం.మీ. చోటు చాలు, 10 డిగ్రీలయితే 28 కావాలి. చోటు కలిసొస్తుంది కదా అని 20 పెట్టాను. కార్లు మలుపు దగ్గర నీరసపడి పోయాయి. లెక్క వేస్తే, గోడకి తగిలే దెబ్బలో పోగలిగే శక్తి 10 డిగ్రీల దగ్గర 3 శాతం, 20 దగ్గర దాదాపు 12. కోణం రెట్టింపు చేస్తే నష్టం నాలుగింతలు. ట్రాక్‌ని సోఫా దాకా పొడిగించక తప్పలేదు.

చివరి పేచీ అతుకులది. అట్టలు కలిసేచోట అర మిల్లీమీటరు మెట్టు ఉన్నా చక్రం ఎగిరేది. పెంకుటిల్లు పైకప్పు ఎలా నేస్తారో అలా, పైముక్క అంచు కిందిముక్క మీదికి వచ్చేలా అన్నీ విప్పి మళ్లీ అతికించాను. అప్పుడు కారు ఎక్కడైనా మెట్టు దిగుతుందే తప్ప ఎక్కదు.

పదకొండో రోజు సాయంత్రం కార్లు ఒకటి ఇటు, ఒకటి అటు పోతూ వచ్చాయి. మావాడు కాసేపు చూసి, రెండు కార్లు వెంటవెంటనే వదిలాడు. మొదటిది ఇంకా తోక దాటలేదు, రెండోది దాని వెనకే వచ్చి గుద్దింది. రెండూ రెక్క కింద ఇరుక్కున్నాయి. “మామయ్యా, కిందికి పోయాక రెండు దారులూ మళ్లీ ఒకటయ్యేలా చేద్దామా?” అన్నాడు, వాటిని ఊడదీస్తూ.

చీల్చడం కంటే కలపడం కష్టం. చీలేచోట ఒక కారు దారి ఎంచుకుంటే చాలు, కలిసేచోట రెండో కారు ఆగాలి. ఏటవాలు మీద కారుని ఎలా ఆపుతాం? ఒక దారిలో కారు ఉన్నంతసేపు రెండో దారికి గేటు వేసేలా ఇంకో రెక్క కావాలి. ఆగిన కారు బరువు ఆ గేటు మీద పడకూడదు, పడినా తెరుచుకోవాలి. అట్టముక్క మీద పెన్సిల్‌తో గీసి చూపించాను. వాడు రెండో రూపాయి బిళ్ళ కోసం వాళ్లమ్మ పర్సు వెతకడానికి వెళ్లాడు.